పాముకు గొంగడి కప్పినవాణ్ని

మా అవ్వ బతికున్నన్నాళ్లూ నన్ను ఎవరికైనా చూపించేటప్పుడు ఒక మాట తప్పకుండా కలిపేది. "వీడే, పాముకు గొంగడి కప్పినోడు." కోహీర్‌లో నా పేరు తెలియనివాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. ఇప్పుడు బళ్లో సారునయినా, పిల్లల్ని దింపడానికి వచ్చే తాతలు కొందరు గేటు దగ్గర ఆగి "సారూ, పాము బాగుందా?" అని అడిగి పోతుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఇన్నేళ్లూ పూర్తి కథ ఎవరికీ చెప్పలేదు. చెప్తే గొంగడితో ఆగదు, దాని వెనక చాలా బయటపడతాయి.

డీఎస్సీ 2008 రాసి ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని చూస్తున్న రోజులవి. అప్పటికి మాది మెదక్ జిల్లానే, సంగారెడ్డి జిల్లా 2016లో గదా అయింది. పొద్దున జహీరాబాద్ పోయి గ్రంథాలయంలో పేపర్లన్నీ తిరగేసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి, సాయంత్రం దాకా జామతోటలో పడుకునేవాణ్ని. మా ఎర్రనేలకు జామ అంటే జామ, ఆలుగడ్డ అంటే ఆలుగడ్డ, అల్లం అంటే అల్లం. నేలకు ఉన్నంత పని నాకు లేకపోయింది. ఇక్కట్లన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఆలుగడ్డ నాటడానికి మడి దున్నిస్తుంటే నాగలి పక్కన పెళ్లలతో పాటు దొర్లి బయటపడింది. రెండు మూరలుంటుందేమో. మణికట్టంత లావు, తడిసిన ఇటుక రంగు, నున్నటి ఒళ్లు. తోక సన్నబడకుండా మొద్దుగా, కత్తితో నరికినట్టు ఆగిపోయింది. ఇటు చూస్తే తల, అటు చూసినా తలే అనిపిస్తుంది. అందుకే జనం దాన్ని రెండు తలల పాము అంటారు. విషం లేదు. ఎలుకలు తింటుంది, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటుంది. ఇవన్నీ తరువాత చదువుకున్న సంగతులు. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే, కరవలేదు. ఎత్తుకున్నాను, కరవలేదు. ఇక నన్ను పట్టేవాళ్లు లేకపోయారు.

తోట గుత్తకు పట్టే చాచా ఒకాయన చూసి కళ్లు పెద్దవి చేశాడు. "బేటా, యె తో లాఖో కా మాల్ హై!" ఇంట్లో ఉంటే లక్ష్మి ఉన్నట్టేనని ఇంకొకరు అన్నారు. నేను వాళ్లందరి వైపు జాలిగా చూశాను. బీఎస్సీ, బీఈడీ చదివినవాణ్ని, మూఢనమ్మకాలు లేనివాణ్ని. పామును డబ్బు కోసం కాదు, ప్రేమతో పెంచుతానని చెప్పాను. ప్రేమ అనే మాట వాడినందుకు ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి.

జహీరాబాద్ నుంచి చేపల గాజుతొట్టి ఒకటి కొనుక్కొచ్చాను. మొదటి రోజు బుద్ధిగానే పొలం మట్టి తెచ్చి పోశాను. పామును వదిలిన కాసేపటికి అది అందులోకి దిగిపోయింది. సాయంత్రం చూడ్డానికి వచ్చినవాళ్లకు మట్టి కనిపించింది. "పామేదిరా?" అన్నారు. "లోపలుంది" అన్నాను. "మట్టిని చూపిచ్చేటందుకు మమ్ముల పిలిచినవా?" అని నవ్వి పోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు మట్టంతా తీసి పారేసి, తొట్టి కడిగి, అడుగున ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టా పరిచాను. ఇప్పుడు ఎటు తిరిగినా కనిపిస్తుంది. నేలలో బతికే జీవికి నేల లేకుండా చేసి, తొట్టి శుభ్రంగా ఉందని మురిసిపోయాను.

ఇక ప్రదర్శనలు మొదలయ్యాయి. సాయంత్రమైతే అరుగు మీద జనం. నేను మూత తీసి చెయ్యి పెట్టగానే పాము తలను చుట్టల కిందికి దూర్చేసుకుని ఉండలా ముడుచుకునేది. ఆ ఉండలోంచి మొద్దు తోక మెల్లగా పైకి లేచేది, అటూ ఇటూ కొద్దిగా ఊగేది. "చూడండి, దండం పెడుతోంది" అనేవాణ్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. మా అవ్వ కూడా ఓసారి తిరిగి దండం పెట్టింది. ఆ తోక మీద పాత గాట్లు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు, నాకూ అవి మచ్చల్లానే కనిపించాయి. ప్రాణభయం వేస్తే ఆ జాతి చేసే పనే ఆ దండం. తల దాచి, తలలా కనిపించే తోకను శత్రువుకు ఎర చూపిస్తుంది. ముంగిస కొరికినా, గద్ద పొడిచినా తోకే పోతుంది, తల మిగులుతుంది. రోజూ సాయంత్రం ఆ ప్రాణి చావుకు సిద్ధపడుతుంటే నేను టికెట్ లేని సర్కస్ నడిపాను.

దానికి పొద్దుపోవాలి కదా అన్న ఆలోచన కూడా నాదే. మనిషి ఒక్కడే గదిలో ఉంటే పిచ్చెక్కుతుంది, పాముకు మాత్రం ఎక్కదా? తొట్టికి ఒక పక్క అద్దం పెట్టాను, తోడు ఉందనుకుంటుందని. రబ్బరు బంతి వేశాను. టీవీలో "దేవి" సినిమా వస్తే తొట్టిని టీవీ వైపు తిప్పాను. నా సెల్‌ఫోన్‌లో నాగస్వరం పాట ఎక్కించి గాజుకు ఆనించి మోగించాను. పాముకు బయటికి చెవుల్లేవు. నేలలోంచి వచ్చే అదురును దవడ ఎముకల గుండా లోపలి చెవికి తీసుకుంటుంది. గాలిలో వచ్చే శబ్దం కూడా కొంత వింటుందని ఈమధ్య పరిశోధనలు చెప్తున్నాయి గానీ, పాట విని తల ఊపుతుందన్నది మాత్రం సినిమా మాటే. పాములవాడి నాగస్వరం ఎటు ఊగితే నాగుపాము అటు తిరుగుతుంది, కొట్టడానికి ఎదురుగా ఉన్నదాన్ని గురి తప్పకుండా చూస్తుందన్నమాట. నా ఫోన్ అదురు గాజులోంచి దాని ఒంటికి ఎలా తగిలిందో తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఈ వినోదమంతా పగలూ సాయంత్రమూ. అది రాత్రి తిరిగే పాము. నేను గురకపెట్టే వేళకు అది లేచి మూతకున్న ఇనుప జాలీకి ముక్కు ఆనించి మూలమూలకూ తోసుకుంటూ తిరిగేది. పొద్దున లేచి చూస్తే ముక్కు కొస పొలుసు ఊడి ఎర్రగా ఉండేది. "నా కోసం వెతుక్కుంటోంది పాపం" అనుకున్నాను. పెట్టెలో పడ్డ పాములు జాలీకి ముక్కు రాసుకుని పుండు చేసుకోవడం పెంపకందారులకు బాగా తెలిసిన సంగతే. వెతుక్కునేది దారిని.

తిండి సంగతి చెప్పాలంటే సిగ్గు. మొదట స్టీలు గిన్నెలో పాలు పెట్టాను. పాము పాలిచ్చే జంతువు కాదు, పాలు దాని తిండీ కాదు. దప్పికతో ఎండిపోయిన పాము ఏ ద్రవం దొరికినా తాగుతుంది, పంచమి నాడు బుట్టల్లో తిప్పే పాములు పాలు తాగడం వెనక ఉన్న రహస్యం ఇదే. మాది తాగలేదు. తరువాత బోనులో పడ్డ ఎలుకను వేస్తే, చాలా రోజుల తరువాత, ఓ రాత్రి మింగింది. మర్నాడు సాయంత్రం నేను చేసిన ఘనకార్యం వినండి. కడుపు దగ్గర ఉబ్బెత్తుగా ఉంది కదా, ఆ ఉబ్బును అందరికీ తాకి చూపించాలని చేతుల్లోకి తీసుకున్నాను. రెండు మూడు చేతులు మారింది. నా చేతికి తిరిగి వచ్చేసరికి మెడ దగ్గర ఒక అల కదిలింది, నోరు అడ్డంగా తెరుచుకుంది, సగం కరిగిన ఎలుక నా అంగీ మీద పడింది. ఆ కంపు గురించి రాయను. రెండుసార్లు ఉతికినా అవ్వ ఆ అంగీని ఇంట్లోకి రానివ్వలేదు. మేసిన పామును రెండు రోజులపాటైనా ముట్టుకోకూడదు. ప్రమాదం వస్తే బరువు దించుకుని పారిపోవడానికి అది కక్కేస్తుంది. నేనే ఆ ప్రమాదాన్ని.

అంతలో చలి వచ్చింది. మా కోహీర్ చలి సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు మా ఊరి పేరు తరచూ ముందు వరుసలో వినిపిస్తుంది, ఒంటి అంకెకు పడిపోవడం ఇక్కడ వింత కాదు. పాము కదలడం మానేసింది. నాలుక బయటికి రావడం లేదు. ముట్టుకుంటే తోక కూడా లేవడం లేదు. జనం రావడం తగ్గింది కాబట్టి బెంగ పెట్టుకుందని తీర్మానించాను. రోజుకు ఒకసారి ఎత్తుకునేవాణ్ని కాస్తా పొద్దునా సాయంత్రమూ ఎత్తుకోవడం మొదలుపెట్టాను. మాట్లాడాను కూడా. ఆ రాత్రే అవ్వ గొంగడి తీసి, నాలుగు మడతలు వేసి, పాము మీద కప్పాను.

బీఎస్సీ చదివినవాణ్ని అని ముందే చెప్పాను కదా. గొంగడి వేడి పుట్టించదు. మన ఒంట్లో పుట్టిన వేడిని పోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. పాముకు లోపల పొయ్యి లేదు. ఎండ నుంచి, వేడెక్కిన రాయి నుంచి, మట్టి నుంచి వేడి తెచ్చుకోవాలి. చల్లబడ్డ పాముకు గొంగడి కప్పితే ఆ చల్లదనాన్నే పదిలంగా దాచిపెట్టినట్టు. ఇది పదో తరగతి పిల్లలకు నేను ఇప్పుడు చెప్పే పాఠం, చెప్పేటప్పుడు బోర్డు వైపు తిరిగి చెప్తాను.

మర్నాడు ఇంకో తెలివి పుట్టింది. వంద వాట్ల బల్బు తెచ్చి తొట్టి మీద వేలాడదీశాను. పాము కదిలింది. నేను ఎగిరి గంతేశాను. అది బల్బు కిందినుంచి మూలకు పోయింది, అక్కడా వేడే, మళ్లీ ఇటు వచ్చింది, ఇటూ వేడే. అంత చిన్న తొట్టిలో చల్లటి కొస అంటూ మిగల్లేదు. వేడి కావాలంటే వేడి వైపు, చాలనిపిస్తే నీడ వైపు తనంత తాను పోగలగడమే పాము బతుకు. తిండి అరిగేదీ, రోగం తగ్గేదీ దాంతోనే. నేను ఆట అనుకున్నది ఉక్కపోత.

మా పొలంలో కూలికి వచ్చే మల్లవ్వ జీతం అడగడానికి వచ్చి, తొట్టిని చూసి, అరుగు మీద కూలబడింది. ఆమెకు పాములంటే భయమూ లేదు, భక్తీ లేదు. "ఏంది కొడుకా ఇది? మట్ల బతికేదాన్ని తీస్కొచ్చి అద్దం మీద పండవెడ్తివి. నిన్ను బట్టలిప్పి బస్టాండుల పండవెడ్తే నీకు నిద్రవడ్తదా?" అని అడిగింది. జీతం తీసుకుని పోయింది.

అంతకు మించిన పశువైద్య సలహా నాకు ఆ తరువాత కూడా ఎక్కడా దొరకలేదు. ఆ రోజే పొడి ఎర్రమట్టి జానెడు లోతు పోశాను. బల్బును ఒక కొసకు జరిపాను, రెండో కొసన కుండ పెంకు బోర్లించాను. అద్దం, బంతి తీసేశాను. పాము మట్టిలోకి ముక్కు గుచ్చి, ఒళ్లు కదిలిస్తున్నట్టే కనబడకుండా, దారం సూదిలోంచి జారినట్టు దిగిపోయింది. చీకటి పడ్డాక దీపం దూరంగా పెట్టి చూస్తే మట్టి మీద రెండు చిన్న కళ్లూ ముక్కు కొసా తప్ప ఏమీ లేవు. నాలుక బయటికి వచ్చి గాలిని తడిమి లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది. ఎలుక వేస్తే మట్టిలోంచే పట్టుకుంది, కక్కలేదు. ముక్కు పుండు మానింది. చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి ఎవరూ రాలేదు.

అప్పుడు నాకు బోర్ కొట్టింది. అన్నీ బాగున్న పామును పెంచడమంటే మట్టి ఉన్న తొట్టిని పెంచడమే. అరుగు మీద జనం, చప్పట్లు, దండం అన్నీ పోయాయి. ఇన్నాళ్లూ కాలక్షేపం ఎవరికి కావాల్సి వచ్చిందో అడగడానికి మల్లవ్వ మళ్లీ రావాల్సిన పని లేకపోయింది.

వదిలేయడానికి మాత్రం నాలో వచ్చిన మార్పు కారణం కాదు, భయం. బైకు మీద ఇద్దరు తెలియని మనుషులు వచ్చి "తూకం ఎంత?" అని అడిగారు. పాము ఆరోగ్యం గురించి కాదు, కిలోల గురించి. ఈ పాముకు అదృష్టం, మందు, గుప్తనిధి అని కథలు అల్లి బరువును బట్టి బేరం పెట్టే ముఠాలు దేశమంతా ఉన్నాయి. వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ ఇండియా లెక్కతీస్తే 2016 నుంచి 2021 లోపు పట్టుబడిన సంఘటనలే 172 తేలాయి, అందులో ఎక్కువ మహారాష్ట్రలో. మాకు అటు బీదర్ దాటితే మహారాష్ట్ర ఎంత దూరం? అదే వారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గురించి గ్రంథాలయంలో చదివి, మన పాములను పట్టుకోవడం, ఇంట్లో పెట్టుకోవడం నేరమని తెలుసుకుని, నా ప్రేమకు జైలుశిక్ష ఉందని గ్రహించాను. ఎండ ఎక్కిన పూట చూసుకుని, దొరికిన మడి గట్టు పక్కనే వదిలాను. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను కూడా. అదీ నా తెలివి.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మా అక్క కొడుకు టెక్సస్‌లో ఉద్యోగం చేసుకుంటూ బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువను పెంచుతున్నాడు. అక్కడ అది పెంపకంలోనే పుట్టిన పాము, దుకాణంలో కొనుక్కోవచ్చు. వీడియోలో చూపించి అడిగాడు. "మామా, నేను రోజూ ఎత్తుకోకపోతే దీనికి డిప్రెషన్ వస్తదా? ఆఫీసు పనితో టైం దొరుకుతలేదు." మా ఇంటి రక్తం ఎక్కడికి పోతుంది? ఫోన్ పెట్టేసి, వాడికి సరైన జవాబు చెప్పాలని కొన్నాళ్లు కూర్చుని చదివాను.

పాములకు బుర్ర లేదనుకోవడం కూడా పొరపాటేనని తెలిసింది. 1999లో డేవిడ్ హోల్ట్జ్‌మన్ బృందం కార్న్ స్నేక్ అనే అమెరికా పాములను వెలుతురు పడే బహిరంగ తొట్టెలో వదిలి, దాక్కునే రంధ్రం ఒకటి ఉంచింది. రోజులు గడిచేకొద్దీ అవి ఆ రంధ్రాన్ని త్వరగా కనుక్కున్నాయి, గుర్తుపెట్టుకుని నేర్చుకున్నాయి. 2006లో ఆల్మ్‌లీ, బర్గార్ట్ అనే ఇద్దరు అక్కడి ర్యాట్ స్నేక్‌లను కొన్నింటిని బోసి పెట్టెల్లో, కొన్నింటిని కొమ్మలూ దాపులూ ఉన్న పెట్టెల్లో పెంచారు. రెండో రకంవి కొత్త చోటుకు త్వరగా సర్దుకున్నాయి, చిక్కుముడి ఇస్తే త్వరగా విప్పాయి. 2021లో ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంవాళ్లు కార్న్ స్నేక్‌లకు రెండు రకాల పెట్టెలూ ఇచ్చి ఎంచుకోనిస్తే, సామగ్రి ఉన్నదాన్నే ఎంచుకున్నాయి. 2020లో కెనడాలో గార్టర్ పాములకైతే గుంపులో కొన్నింటి పక్కనే ఉండాలన్న ఇష్టం కూడా కనిపించింది. అంటే పాముకు పని కావాలి, వెతుక్కోవడానికి చోటు కావాలి. ఆ పని చెయ్యాల్సింది నాలుకతో, ఒంటితో. టీవీతో కాదు.

మరి ఎత్తుకోవడం? కుక్కపిల్లకు తల్లి నాకిన జ్ఞాపకం ఉంటుంది. బాల్ పైథాన్ తల్లి గుడ్లను చుట్టుకుని కాపాడుతుంది నిజమే, పిల్లలు బయటికి వచ్చాక ఎవరి దారి వాళ్లది. మన చేతి ముద్దు దానికి లోటు కాదు. పెంపకంలో పుట్టినదాన్ని మెల్లగా, కొద్దిసేపు, కిందినుంచి ఆసరా ఇచ్చి ఎత్తడం అలవాటు చేస్తే పెట్టె కడిగేటప్పుడు, డాక్టరుకు చూపించేటప్పుడు బెదరదు. అదొక సౌకర్యం, ఓర్పు. దాన్ని మమకారంగా లెక్కేసుకోకూడదు. కుబుసం విడిచే ముందు కళ్లు మసకబారి నీలంగా ఉన్నప్పుడు అసలే ముట్టుకోకూడదు.

అల్లుడికి ఇలా చెప్పాను. "నువ్వు ఎత్తుకోకపోతే దానికి ఏం నష్టం లేదురా. ఒళ్లంతా చాచుకునేంత పొడవు పెట్టె ఉందా? వేడి కొస, చల్ల కొస ఉన్నాయా? రెండు కొసలా దాపు ఉందా? ఆఫ్రికాలో అది చెదపుట్టల్లో, ఎలుక బొరియల్లో ఉంటది. ఎక్కడానికి కొమ్మ పెట్టు, అప్పుడప్పుడు సామాను మార్చు, తిండి వాసన అక్కడక్కడా రాసి వెతుక్కోనీ. తలుపు తెరిచి పెట్టు. బయటికి రావాలనిపిస్తే వస్తది, లేదంటే పండుకుంటది." వాడు కాసేపు ఊరుకుని, "అయితే నేనెప్పుడు ఆడుకోవాలె మామా?" అన్నాడు. పాము కాళ్లు పాముకెరుక, మా వాడి కాళ్లు నాకెరుక.

హైదరాబాద్‌లో కూడా ఇప్పుడు ఈ విదేశీ పాముల మోజు వచ్చింది. 2022లో ఆ వన్యప్రాణి చట్టాన్ని సవరించారు, 2024 ఫిబ్రవరిలో నమోదు నియమాలు వచ్చాయి. వన్యజీవుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని జీవి మీ ఇంట్లో ఉంటే ప్రభుత్వానికి చెప్పి నమోదు చేయించుకోవాల్సిందే. కాగితాలున్నా సరే, బాల్ పైథాన్ ఇరవై ముప్ఫై ఏళ్లు బతికే జీవి. పిల్లాడి పుట్టినరోజుకు కొనేముందు ఆ పిల్లాడి పెళ్లి దాకా లెక్క వేసుకోండి.

మన పాముల విషయంలో నా తీర్పు అంతకంటే చిన్నది. ఏ పెట్టె అయినా తప్పే. నేను తొట్టిలో జానెడు మట్టి పోసి సాధించిందేమిటంటే, మా మడి గట్టు ఉచితంగా ఇచ్చేదానికి నాసిరకం నకలు. జహీరాబాద్, కోహీర్ రైతులకు ఒక మనవి. ఆలుగడ్డ మళ్లు దున్నేటప్పుడు రెండు తలల పాము కనబడితే ట్రాక్టర్ కాసేపు ఆపండి, గట్టు మీదికి పోనివ్వండి. తూకం అడుగుతూ ఎవరైనా వస్తే అటవీశాఖకు ఫోన్ చెయ్యండి. పాము ఇంట్లోకే వచ్చి భయపెట్టినా వాళ్లకే చెప్పండి, కర్ర తీయకండి. అది తినే ఎలుకలు మీ చేలోవే.